వాలు ముప్పై డిగ్రీలు దాటితే

జీడిమెట్ల నుంచి షాపూర్‌నగర్, చింతల్, ఐడీపీఎల్ దాటి బాలానగర్ చేరితే అక్కడ నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఉంటుంది. మంచు పడని ఊళ్లో ఉంటూ హిమాలయాల మంచును ఉపగ్రహాల నుంచి గమనించే సంస్థ అది. 2005 మేలో ఇస్రో ప్రయోగించిన కార్టోశాట్-1 నేలను రెండు కెమెరాలతో చిత్రించేది. ఒకటి ముందుకు 26 డిగ్రీలు, ఇంకొకటి వెనక్కి 5 డిగ్రీలు వంగి ఉండేవి. ఒకే చోటును రెండు కోణాల్లో తీసిన ఆ చిత్రాల తేడాలోంచి ఎత్తుపల్లాలు లెక్కగట్టి తయారుచేసిందే కార్టోడెమ్ అనే ఎత్తుల పటం. 30 మీటర్ల గళ్లతో ఉన్న దాని రూపాన్ని భువన్ పోర్టల్ నుంచి ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు. మంచుకొండ మీద మొదటిసారి స్కీ యాత్ర చేయాలనుకునే జీడిమెట్లవాసి స్కీల ధరలు చూడకముందే తెరవాల్సింది ఈ పటాన్ని.

యాత్ర అంటే ఇక్కడ రోప్‌వే ఎక్కి పైకెళ్లి జారిరావడం కాదు. సొంత కాళ్లతో కొండ ఎక్కి, అదే స్కీల మీద దిగిరావడం. ఇందుకు వాడే స్కీలకు బూటును బిగించే బైండింగులో ఎక్కేటప్పుడు మడమ పైకి లేస్తుంది, దిగేటప్పుడు బిగుసుకుంటుంది. స్కీల అడుగున ‘స్కిన్స్’ అనే పట్టీలు అంటిస్తారు. వాటి నూగు ఒకే వైపుకు వాలి ఉంటుంది కాబట్టి ముందుకు జారనిస్తుంది, వెనక్కి జారనివ్వదు. ఒకప్పుడు సీల్ జంతువు తోలుతో చేసేవారు, ఇప్పుడు మేక జాతి మొహేర్ ఉన్నితోనో నైలాన్‌తోనో చేస్తున్నారు. శిఖరం చేరాక పట్టీలు ఊడదీసి సంచీలో పెట్టుకుని కిందికి జారతారు. దీని పోటీ రూపమైన స్కీ మౌంటెనీరింగ్‌కు 2026 మిలానో-కోర్టినా శీతాకాల ఒలింపిక్స్‌లో మొదటిసారి చోటు దక్కింది.

హైటెక్ సిటీలో పనిచేసేవాళ్లలో కేదార్‌కాంఠ వంటి శీతాకాలపు ట్రెక్కులు చేసివచ్చి, తర్వాత ఏమిటని ఆలోచించేవాళ్లు ఉన్నారు. అలాంటివారికి గుల్‌మార్గ్ గానీ, మనాలీ దగ్గరి సోలాంగ్ గానీ, ఉత్తరాఖండ్‌లోని ఔలీ గానీ మొదటి గమ్యం అవుతుంది. సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున, నున్నటి బండరాళ్ల మధ్య బతికే మనిషి అక్కడికి పోయేముందు ఇక్కడ ఏం నేర్చుకోగలడు, ఏం నేర్చుకోలేడు అన్నదే అసలు ప్రశ్న.

పలచబడే గాలి

గాలిలో ఆక్సిజన్ వాటా జీడిమెట్లలోనూ ఎవరెస్టు మీదా ఒక్కటే, దాదాపు 21 శాతం. తగ్గేది గాలి పీడనం. హైదరాబాద్‌లో అది సుమారు 950 మిల్లీబార్లు. గుల్‌మార్గ్ 2,650 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ 735కు దగ్గరగా ఉంటుంది. దానిపైన అఫర్వత్ కొండ మీద గొండోలా అనే రోప్‌వే ఆఖరి స్టేషన్ దాదాపు 3,950 మీటర్ల ఎత్తుది, అక్కడ 620 చుట్టూ. అంటే ఇక్కడ ఒక్కో శ్వాసతో వంద వంతుల ఆక్సిజన్ అందుతుంటే గుల్‌మార్గ్‌లో 77, కొండపైన 65 అందుతాయి.

ఈ లోటును శరీరం దశలవారీగా పూడ్చుకుంటుంది. మొదటి గంటల్లోనే శ్వాస వేగం, గుండె వేగం పెరుగుతాయి. ఎక్కువగా శ్వాసించడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి రక్తం కొంచెం క్షార గుణానికి మొగ్గుతుంది. అది చూసి మెదడు శ్వాసను మళ్లీ నెమ్మదింపజేస్తుంది. మూత్రపిండాలు రెండు మూడు రోజుల్లో బైకార్బనేట్‌ను బయటికి పంపి ఆ అడ్డంకిని తొలగిస్తాయి. కొండల మీద ‘అలవాటు పడటం’ అనేదానిలో మొదటి రోజుల పని చాలావరకు ఇదే. ఎర్ర రక్తకణాలు పెరగడానికి వారాలు పడుతుంది, వారం సెలవు మీద పోయినవాడికి ఆ లాభం అందదు. డాక్టర్లు రాసే ఎసిటజోలమైడ్ మాత్ర కూడా మూత్రపిండాల చేత ఈ పనినే త్వరగా చేయిస్తుంది. సల్ఫా మందులు పడనివారు ముందే చెప్పాలి కాబట్టి డాక్టరును అడక్కుండా వేసుకునే మాత్ర కాదిది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. రోజూ నెక్లెస్ రోడ్డు మీద పది కిలోమీటర్లు పరిగెత్తేవాడికి ఎత్తు జబ్బు రాదన్న హామీ ఏమీ లేదు. దేహదారుఢ్యం వేరు, ఎత్తుకు అలవాటు పడటం వేరు. పైగా బలమున్నవాడు వేగంగా ఎక్కి త్వరగా జబ్బు తెచ్చుకునే ప్రమాదమూ ఉంది. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదనీ, మూడు నాలుగు రోజులకోసారి ఎత్తు పెంచకుండా ఆగాలనీ పర్వత వైద్యులు చెబుతారు. శంషాబాద్‌లో విమానమెక్కి శ్రీనగర్‌లో దిగి అదే సాయంత్రం గుల్‌మార్గ్ చేరేకంటే, 1,600 మీటర్ల దగ్గర ఉన్న శ్రీనగర్‌లో ఒక రాత్రి, గుల్‌మార్గ్‌లో రెండు రాత్రులు గడిపి అప్పుడు పైకెక్కడం మేలు. తలనొప్పితో పాటు వికారం, నిస్సత్తువ ఉంటే ఇంకా పైకి పోకూడదు. నడక తూలినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా అది మెదడుకో ఊపిరితిత్తులకో నీరు పట్టిన సూచన. వెంటనే కిందికి దిగడమే దానికి మొదటి వైద్యం.

ఎక్కే కాళ్లు, దిగే కాళ్లు

గాలి సంగతి ఇక్కడ సాధన చేయలేం కానీ కాళ్ల సంగతి చేయగలం. అందుకు మన దగ్గర మంచి సాక్ష్యమే ఉంది. 2014 మే 25న, రాష్ట్ర విభజనకు వారం ముందు, టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. వాళ్ల శిక్షణ మొదలైంది భువనగిరి బండ మీద. 500 అడుగులకు పైగా ఎత్తున్న ఆ ఏకశిల మీద పట్టు దొరికాకే డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కూ, ఆ తర్వాత లద్దాఖ్ చలికీ తీసుకెళ్లారు. కండ, తాడు, గుండె నిబ్బరం ఇక్కడ తయారయ్యాయి. మంచు, చలి, ఎత్తు అక్కడికి పోయాకే అలవాటయ్యాయి.

స్కీ యాత్రకూ ఇదే క్రమం పనికొస్తుంది. కొత్తవాళ్లు గంటకు సుమారు 300 మీటర్ల ఎత్తు ఎక్కగలిగితే చాలు. మొదటి యాత్రలో 600 మీటర్ల ఎత్తు ఎక్కాలనుకుంటే అది పదంతస్తుల అపార్టుమెంటు మెట్లను ఇరవైసార్లు ఎక్కినంత పని. ఎనిమిది కిలోల సంచీ వీపున వేసుకుని, పక్కవాడితో మాట్లాడగలిగేంత వేగంతో, వారానికి రెండుమూడుసార్లు ఎక్కడం అలవాటు చేసుకోవాలి. మూడు నెలల్లో ఇరవైసార్లకు చేరితే చాలు, తొందరేం లేదు.

అయితే లిఫ్టులో దిగడం పనికిరాదు. ఎక్కేటప్పుడు తొడ కండరం కుంచించుకుంటూ పనిచేస్తుంది, దిగేటప్పుడు సాగుతూ బరువును ఆపుతుంది. ఈ రెండో రకం పనిలోనే కండరపు పోగులు ఎక్కువగా దెబ్బతింటాయి, రెండో రోజు నొప్పి పుట్టేదీ దీనివల్లే. స్కీల మీద దిగడమంటే ఇలా ఆపుకుంటూ దిగడమే. మెట్లు దిగడం అలవాటైన కండరం అక్కడ తట్టుకుంటుంది. పాదాల మీద మోసే బరువు వీపు మీది బరువుకంటే నాలుగైదు రెట్లు ఎక్కువ శ్రమ పెడుతుంది. బూట్లు, బైండింగులు తేలికగా ఉండాలని స్కీ యాత్రికులు అంత పట్టుబట్టేది అందుకే.

జారడం మాత్రం మెట్ల మీద రాదు. లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరి స్నోవరల్డ్‌లో కృత్రిమ మంచు ఉంది కానీ స్కీలు తిప్పడం నేర్చుకునేంత వాలు అక్కడ దొరకదు. గుల్‌మార్గ్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్, మనాలీలోని అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ ప్రాథమిక స్కీ కోర్సులు నడుపుతాయి. ముందు చదును చేసిన వాలుల మీద ఆగడం, మలుపు తీసుకోవడం వచ్చాకే స్కిన్స్ కట్టి కొండ ఎక్కే ఆలోచన చేయాలి. ఈ రెండింటినీ ఒకే వారంలో ఇరికించాలని చూస్తే రెండూ సగం సగమే వస్తాయి.

చెమట తెచ్చే చలి

మొదటిసారి మంచుకొండకు పోయే దక్షిణాదివాడు చలికి భయపడి మందమైన జాకెట్టు కొంటాడు. అది వేసుకునే ఎక్కడం మొదలుపెడతాడు. కొండ ఎక్కే శరీరం కూర్చున్నప్పటికంటే ఐదారు రెట్లు వేడి పుట్టిస్తుంది. పావుగంటలో చొక్కా తడుస్తుంది. పైకి చేరి ఆగగానే ఆ తడి ఆరడానికి శరీరంలోని వేడినే వాడుకుంటుంది. ఒక్క గ్రాము చెమట ఆవిరి కావడానికి దాదాపు 580 కేలరీల వేడి కావాలి. పైగా నీరు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. అందుకే నూలు బనీను అక్కడ పనికిరాదు. తడిస్తే అది ఆరదు.

కొండవాళ్ల పద్ధతి దీనికి సరిగ్గా ఎదురు. కొంచెం చలేసేలాగే బయలుదేరతారు. ఒంటికి ఆనుకుని ఉన్ని లేదా పాలియెస్టర్ పొర, దానిమీద గాలిని ఆపే పలచని పొర ఉంటాయి. లావు జాకెట్టు సంచీలోనే ఉంటుంది, ఆగిన క్షణమే బయటికొస్తుంది. గాలి వీస్తే లెక్క మారిపోతుంది. మైనస్ 10 డిగ్రీల చలిలో గంటకు 30 కిలోమీటర్ల గాలి తగిలితే చర్మానికి అది మైనస్ 20తో సమానం. ఎండ సంగతీ మరవకూడదు. ప్రతి వెయ్యి మీటర్లకూ అతినీలలోహిత కిరణాల తీవ్రత పదో వంతుకు పైగా పెరుగుతుంది, కొత్త మంచు వాటిలో 80 శాతం వరకు తిరిగి మొహం మీదికే కొడుతుంది. నల్లద్దాలు లేకుండా ఒక పూట తిరిగితే ఆ రాత్రి కళ్లు తెరవలేరు.

మంచు లోపలి పొరలు

ఇంతవరకు చెప్పినవన్నీ శరీరం సంగతులు. ప్రాణం తీసేది ఎక్కువగా మంచు చరియ. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో చరియ కింద చిక్కుకున్న పదిమంది సైనికులు చనిపోయారు, వారిలో ఒకరు కర్నూలు జిల్లా వ్యక్తి. 2010 ఫిబ్రవరి 8న గుల్‌మార్గ్ పైనున్న ఖిలన్‌మార్గ్‌లో సైన్యపు ఎత్తైన ప్రాంతాల యుద్ధ శిక్షణ శిబిరం వాళ్ల మీద చరియ పడి 17 మంది పోయారు. మంచులో బతకడం నేర్చినవాళ్లను కూడా మంచు వదల్లేదు.

కారణం తెలియాలంటే మంచును పొరలుగా చూడాలి. మధ్యధరా ప్రాంతంలో పుట్టి తూర్పుకు సాగే వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లు డిసెంబరు నుంచి మార్చి వరకు కశ్మీర్ మీద ఒకదాని వెంట ఒకటి మంచు కురిపిస్తాయి. ఒక్కో తుపానుది ఒక్కో పొర. రెండు తుపానుల నడుమ ఆకాశం తేరుకుని రాత్రులు గడ్డకట్టే చలి వస్తే, మంచు పైభాగం బాగా చల్లబడుతుంది. నేలను ఆనుకున్న అడుగుభాగం మాత్రం సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది. మీటరు మందానికి పది డిగ్రీల తేడా దాటితే అడుగున ఉన్న మంచు నుంచి ఆవిరి లేచి పైపొరల్లో మళ్లీ గడ్డకడుతుంది. అలా పుట్టిన పలుకులు కోణాలు తేలి, పంచదారలా విడివిడిగా రాలతాయి, ఒకదానికొకటి అతుక్కోవు. తర్వాతి తుపాను దాని మీద గాలి మోసుకొచ్చిన గట్టి పలకను పరుస్తుంది. ఇప్పుడు కింద బలహీన పొర, మీద బరువైన పలక. ఒక మనిషి బరువు ఆ పలకను కుంగదీస్తే, కింది పలుకులు కూలి, ఆ కూలడం క్షణాల్లో వాలంతా పాకుతుంది. పలక ముక్కలై జారిపోతుంది. మనుషులు చిక్కుకున్న ప్రమాదాల్లో పదింట తొమ్మిదింటిలో చరియను కదిలించింది చిక్కుకున్నవాళ్లో, వాళ్ల తోటివాళ్లో.

పలక జారాలంటే వాలు కావాలి. ఇటువంటి చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లోనే తెగుతాయి, అందులోనూ 38 చుట్టుపక్కల ఎక్కువ. 30కి తక్కువైతే పలక తెగినా సాధారణంగా జారదు. 50 దాటితే మంచు నిలవకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది. స్కీ జారడానికి హాయిగా ఉండే వాలూ, చరియ తెగే వాలూ ఒకటే కావడం ఈ ఆటలోని చిక్కు.

బాలానగర్ పటం పనికొచ్చేది ఇక్కడే. కార్టోడెమ్‌ను క్యూజీఐఎస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి వాలు లెక్కగట్టించి, 30 డిగ్రీలు దాటిన గళ్లకు ఎరుపు వేయిస్తే, వెళ్లాలనుకున్న దారి ఏ ఎరుపును తాకుతోందో, ఏ ఎరుపు కింద నుంచి పోతోందో కనిపిస్తుంది. కింద నుంచి పోవడమూ ప్రమాదమే, చరియ చదునులోకి చాలా దూరం దొర్లుకొస్తుంది. సాఫ్ట్‌వేర్ తెలిసిన మనవాళ్లకు ఇది ఒక ఆదివారం పని.

అయితే 30 మీటర్ల గడి ఎంత దాచగలదో కూడా తెలిసుండాలి. ఒక గడిలో 20 మీటర్లు చదును, మిగతా 10 మీటర్లు 45 డిగ్రీల గట్టు అనుకోండి. గడి మొత్తానికి ఎత్తు పది మీటర్లే పెరిగింది కాబట్టి పటం దాన్ని 18 డిగ్రీల వాలుగా చూపిస్తుంది. ఎరుపు పడదు. ఆ గట్టు మీద నిలబడ్డవాడికి మాత్రం అది 45 డిగ్రీలే. కాబట్టి పటం ఎరుపు చూపిన చోటికి పోకపోవడానికి అది సాక్ష్యం. చూపని చోటికి పోవడానికి మాత్రం సాక్ష్యం చాలదు. అక్కడ ఫోనులో కోణం కొలిచే యాప్, కొండ తెలిసిన గైడు, ఆనాటి చరియల హెచ్చరిక కావాలి. గొండోలా స్కీ ప్యాట్రోల్ గుల్‌మార్గ్‌లో, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో పరిధిలోని డీజీఆర్‌ఈ హిమాలయమంతటా చరియల పరిస్థితిని గమనిస్తాయి. వాటి హెచ్చరిక చదివాకే ఉదయం బూట్లు వేసుకోవాలి. తాజాగా తెగిన చరియలు, అడుగు కింద ‘వుఫ్’మనే చప్పుడు, స్కీల నుంచి సాగే పగుళ్లు కనిపిస్తే ఇక హెచ్చరిక చదవనక్కర్లేదు, వెనుదిరగాలి.

పావుగంటలో తవ్వాలి

కూరుకుపోయిన మనిషిని చంపేది ఎక్కువగా చలి కాదు, ఊపిరాడకపోవడం. నోటి ముందు మంచు వెచ్చబడి కరిగి మళ్లీ గడ్డకడుతుంది, వదిలిన గాలే తిరిగి పీల్చుకోవలసి వస్తుంది. 1994లో ‘నేచర్’ పత్రికలో అచ్చయిన స్విట్జర్లాండ్ ప్రమాదాల విశ్లేషణ ప్రకారం 15 నిమిషాల్లోపు వెలికితీసినవారిలో 92 శాతం బతికారు, 35 నిమిషాలకు ఆ సంఖ్య 30 శాతానికి పడిపోయింది. హెలికాప్టరు పావుగంటలో రాదు. తవ్వి తీసేది పక్కనున్నవాడే, కాబట్టి ఒంటరి ప్రయాణానికి ఇక్కడ తావులేదు.

అందుకు మూడు వస్తువులు కావాలి. 457 కిలోహెర్ట్జ్ మీద సంకేతం పంపుతూ, అందుకుంటూ ఉండే బీకన్, మంచులో గుచ్చి చూసే పొడవాటి ప్రోబ్, లోహపు పార. ఈ మూడూ ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. బీకన్ సాధనకు మంచు అక్కర్లేదు. ఒకటి సంచీలో పెట్టి ఏదైనా ఖాళీ మైదానంలో చెత్తకింద దాచి, రెండోదానితో వెతకడం మొదలుపెడితే చాలు. బీకన్ తెర మీది బాణం చూపే దారి నేరుగా పోదు, అయస్కాంత క్షేత్రపు రేఖల వెంట వంకరగా పోతుంది. ఆ వంకర అలవాటు కావడానికి చాలాసార్లు తిరగాలి. ఫోను, స్మార్ట్ వాచీ, బ్యాటరీ గ్లవ్స్ బీకన్‌కు చెరుపు చేస్తాయి. సంకేతం పంపేటప్పుడు వాటిని 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు దూరం పెట్టాలన్నది పర్వత రక్షకుల నియమం.

విదేశీ వీడియోలు చూసి శాటిలైట్ ఫోనో, శాటిలైట్ మెసెంజరో కొనుక్కుపోకూడదు. మన దేశంలో అనుమతి లేకుండా వాటిని వాడితే కేసవుతుంది. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూకశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి. కొండ మలుపులో అదీ పనిచేయకపోవచ్చు. నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల ఏడు శిఖరాలను 172 రోజుల్లో ఎక్కినవాడు. ఆయన 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లోకి ఒంటరిగా వెళ్లి కనిపించకుండా పోతే, ఆయన దేహం దొరకడానికి దాదాపు పది రోజులు పట్టింది. ఎంత అనుభవం ఉన్నా ఆచూకీ తెలిపేందుకు మనిషి తోడు కావాలని ఆ ఘటన చెబుతుంది. ఏ దారిన పోతున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో హోటల్లో కాగితం మీద రాసిచ్చి పోవడం ఏ పరికరమూ అక్కర్లేని జాగ్రత్త.

సెలవు అనే ఉచ్చు

అమెరికా పరిశోధకుడు ఇయాన్ మెక్‌కామన్ 2000 దశకం మొదట్లో వందలాది చరియ ప్రమాదాలను తిరగేసి చూశాడు. చాలామందికి ప్రమాదపు గుర్తులు కళ్లముందే ఉన్నాయి. కొందరు చరియల గురించి చదువుకున్నవాళ్లు కూడా. వాళ్లను ముందుకు నడిపించినవి మనసులోని దగ్గర దారులని అతను గుర్తించాడు. తెలిసిన చోటే కదా అన్న ధీమా, మొదలుపెట్టాక ఆపలేని పట్టుదల, గుంపులో నిపుణుడిలా కనిపించేవాడి వెనక నడవడం, ఈ మంచు రేపు ఉండదన్న ఆత్రం అందులో ఉన్నాయి.

హైదరాబాద్ నుంచి పోయేవాడి సంచీలో ఇవన్నీ మరింత బరువుగా ఉంటాయి. మేనేజరును బతిమాలి తెచ్చుకున్న ఐదు రోజుల సెలవు, వెనక్కి డబ్బు రాని విమాన టిక్కెట్టు, అద్దెకు తీసుకున్న స్కీలు, ఫొటోల కోసం ఎదురుచూస్తున్న వాట్సప్ గ్రూపు అతని వెంటే ఉంటాయి. తుపాను కురిసిన మర్నాడు ఆకాశం నీలంగా ఉంటుంది, చరియ ప్రమాదం అత్యధికంగా ఉండేదీ ఆ ఒకటి రెండు రోజులే. సెలవు ఆ రోజుతోనే అయిపోతుంటే, ఊపిరితిత్తులూ తొడలూ ఎంత సాధన చేసినా నిర్ణయం చేసేది టిక్కెట్టే.

కాబట్టి ఈ భాగాన్ని ఇక్కడే, వేడి టీ తాగుతూ తేల్చుకోవాలి. సెలవులో కనీసం రెండు రోజులు ఏ పథకమూ లేకుండా వదిలేయాలి. మొదటి యాత్ర గుల్‌మార్గ్ గిన్నెలోని గోల్ఫ్ మైదానపు చిన్న వాలుల్లోనూ, పైనుంచి ఏ నిటారు వాలూ వేలాడని అడవి అంచుల్లోనూ, గైడుతో జరగాలి. మధ్యాహ్నం ఇన్ని గంటలకు ఎక్కడున్నా వెనుదిరగాలన్న గడువు ముందే రాసుకోవాలి. గుంపులో ఏ ఒక్కరు వద్దన్నా, కారణం చెప్పినా చెప్పకపోయినా, అందరూ వెనక్కి రావాలన్న ఒప్పందం బయలుదేరకముందే కుదరాలి. కొండ మీద కొత్తవాడు నోరు తెరిచి వద్దనలేడు, సీనియరు మాట కాదనలేడు. ఇక్కడ కుదిరిన ఒప్పందం ఉంటే అక్కడ అతనికి నోరు లేస్తుంది.

మంచును చదవడం కొన్ని శీతాకాలాలు మంచులో గడిపితే గానీ రాదు, జీడిమెట్లలో అది ఏ విధంగానూ రాదు. ఆ చదువు వచ్చేదాకా 30 డిగ్రీల లోపు వాలుల్లో తిరగడం, ఒక రోజు అసలు ఎక్కకుండా శ్రీనగర్‌లో కహ్వా తాగి తిరిగి రావడం కూడా యాత్రలో భాగమని విమాన టిక్కెట్టు కొనే రోజునే ఒప్పుకోగలిగితే, మొదటి యాత్రకు తయారైనట్టే.